కుర్సురా గాజీని ముంచిందా?

కాట్పాడిలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లివచ్చే వేలూరు, గుడియాత్తం తెలుగు కుటుంబాల కబుర్లలో సింహాచలం, కైలాసగిరులతో పాటు కుర్సురా పేరు కూడా వినబడుతుంది. రామకృష్ణా బీచిలో ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామి అది. దాని గురించి చెబుతున్నప్పుడు తరచుగా ఒక మాట చేరుతుంది: 1971 యుద్ధంలో పాకిస్తాన్ వారి జలాంతర్గామి గాజీని ముంచింది ఇదే అని. ఆ మాటకు ఆధారం ఎంతవరకు ఉందో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. గాజీ మునిగిన రాత్రి కుర్సురా ఎక్కడ ఉంది? గాజీ అసలు ఎలా మునిగింది? మొదటిదానికి దొరికే జవాబు ఎంత గట్టిదో రెండవదానికి దొరికేది అంత గట్టిది కాదు. అందుచేత రెంటినీ విడివిడిగా పరిశీలించడం అవసరం.

1. వేలూరు నుంచి ఒక పూర్వోదాహరణ

యుద్ధ స్మారకాలు చెప్పే లెక్కలను ఎలా చదవాలో నేర్చుకోవడానికి వేలూరు వారు దూరం వెళ్లనక్కరలేదు. 1806 జులై 10 తెల్లవారుజామున వేలూరు కోటలో మద్రాసు సైన్యపు సిపాయిలు తిరగబడ్డారు. కొత్త తలపాగా, నుదుటి బొట్లపైన, గడ్డాలపైన నిషేధం అందుకు తక్షణ కారణాలుగా చరిత్రకారులు చెబుతారు. కోటలో నిర్బంధంలో ఉన్న టిప్పు సుల్తాను కుటుంబం పాత్ర ఎంత అన్నదానిపై ఆనాటి నుంచే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆర్కాటు నుంచి బ్రిటిష్ అధికారి గిల్లెస్పీ గుర్రపు దళంతో వచ్చి ఆ పూటే తిరుగుబాటును అణచివేశాడు.

చనిపోయిన తెల్లవారి లెక్క దాదాపు స్థిరంగా కనిపిస్తుంది. 14 మంది అధికారులు, 69వ రెజిమెంటుకు చెందిన 115 మంది సైనికులు అని సాధారణంగా రాస్తారు. సిపాయిల లెక్క మాత్రం కథనాన్నిబట్టి 350 దగ్గర మొదలై 800 వరకు పోతుంది. ఒకే కోటలో ఒకే ఉదయం జరిగిన మరణాలకు ఒకవైపు ఒంటి అంకె దాకా లెక్క ఉండడం, మరోవైపు రెట్టింపుకు మించిన తేడా ఉండడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. లెక్క రాసినవారు ఎవరి పేర్లు నమోదు చేసుకున్నారో వారి సంఖ్యే నిలిచింది. వేలూరు లాంగ్ బజారులోని గడియార స్తంభం మీద ఇంకో రకమైన లెక్క కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి అక్కడి నుంచి 277 మంది వెళ్లారని, వారిలో 14 మంది ప్రాణాలు కోల్పోయారని ఆ ఫలకం చెబుతుంది. సంఖ్య ఉంది, పేర్లు లేవు. ఆ 14 మంది ఏ వీధివారో, ఏ భాష మాట్లాడేవారో ఫలకం చెప్పదు. ఈ వెలితి బాధ కలిగించేదే. స్మారకం చెప్పేదానిని, దాని పక్కన నిలబడి మనం ఊహించుకునేదానిని వేరుగా ఉంచవలసిన అవసరాన్ని కూడా అదే గుర్తుచేస్తుంది. ఈ జాగ్రత్త విశాఖ తీరంలో మరింతగా కావాలి.

2. ప్రదర్శనలో ఉన్న బోటు

జలాంతర్గామిని దానిలో పనిచేసేవారు బోటు అనే పిలుస్తారు. కుర్సురా పొడవు 91.3 మీటర్లు. ఒడ్డున నిలబడి చూస్తే పెద్దదే. 1971 యుద్ధంలో తూర్పు సముద్రంలో తిరిగిన విమానవాహక నౌక విక్రాంత్ పొడవు దాదాపు 213 మీటర్లు. దాని పక్కన పెడితే ఇది చిన్నది. ఒక చివర ఎక్కి మరో చివర దిగేలోపు టార్పెడో గదులు, ఒకదానిపై ఒకటిగా బిగించిన పడకలు, వంగి దాటవలసిన గుండ్రటి ద్వారాలు, గోడలనిండా గొట్టాలు, మీటర్లు కనిపిస్తాయి. సుమారు 75 మంది వారాల తరబడి ఇంత ఇరుకులో గడిపారన్నది లోపలికి వెళ్లి చూస్తేనే అర్థమవుతుంది. నౌకాదళం నుంచి విరమించిన వారే మార్గదర్శకులుగా వివరాలు చెబుతుండడం ఈ ప్రదర్శనశాలకు పెద్ద బలం. ఈ విషయంలో దీనికి సాటివచ్చే ప్రదర్శనశాలలు మన దేశంలో తక్కువ.

నౌక జీవిత చరిత్రలో వివాదం లేని తేదీలు ఇవి. సోవియట్ యూనియన్‌లో నిర్మితమైన కుర్సురా 1969 డిసెంబరు 18న రీగాలో భారత నౌకాదళంలో చేరింది. కల్వరి తరగతిలో నాలుగవది, దాని సంఖ్య ఎస్20. 2001 ఫిబ్రవరి 27న సేవ నుంచి విరమించింది. ఈ 31 ఏళ్లలో 73,500 నాటికల్ మైళ్లు ప్రయాణించిందని నౌకాదళ వివరణ.

ఆ తర్వాతి తేదీలలో చిన్న తేడా ఉంది. ప్రదర్శనశాల ప్రారంభం కొన్ని చోట్ల 2002 ఆగస్టు 9 అని, కొన్ని చోట్ల ఆగస్టు 24 అని కనిపిస్తుంది. ఇవి పరస్పర విరుద్ధాలు కాకపోవచ్చు. నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రారంభించినది మొదటి తేదీ, జనానికి తలుపులు తెరిచినది రెండవ తేదీ అని తీసుకుంటే రెండూ పొసగుతాయి. 'ఆసియాలోనే మొదటి జలాంతర్గామి ప్రదర్శనశాల' అనే బిరుదుకు మాత్రం మరికొంత జాగ్రత్త కావాలి. 1996లో తమ తీరంలో చిక్కుకున్న ఉత్తర కొరియా చిన్న జలాంతర్గామిని దక్షిణ కొరియా గంగ్నుంగ్‌లో ప్రదర్శనకు పెట్టింది. ఈ రెండు ప్రదర్శనల ప్రారంభ తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఆసియా మొత్తానికి మొదటిదనడం తొందరపాటే అవుతుంది. దక్షిణాసియాలో మొదటిది అనడం అంతకంటే భద్రమైన మాట.

3. 1971 డిసెంబరు తొలి రోజుల్లో కుర్సురా

నౌకాదళ చరిత్రలో నమోదైన మేరకు కుర్సురా, కమాండర్ ఆడిట్టో నాయకత్వంలో, 1971 నవంబరు మధ్యలో బయలుదేరి 18వ తేదీకి తనకు కేటాయించిన గస్తీ ప్రాంతం చేరింది. ఆ ప్రాంతం అరేబియా సముద్రంలో ఉంది. యుద్ధం ఇంకా మొదలుకాలేదు కాబట్టి కొన్ని హద్దులు దాటరాదని, స్పష్టమైన ఆదేశం లేనిదే దాడి చేయరాదని నియమాలు ఉన్నాయి. నవంబరు 30న గస్తీ ప్రాంతం విడిచి, మరో జలాంతర్గామి కరంజ్‌ను కలుసుకుని గస్తీ సూచనలు అప్పగించింది. డిసెంబరు 4న ముంబయి తిరిగివచ్చింది.

గాజీ మునిగినట్టు భారత నౌకాదళం ప్రకటించిన సమయం డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన తర్వాత, అంటే 4వ తేదీ తొలి గంట. స్థలం విశాఖ రేవు ముఖద్వారం దగ్గర. ముంబయి నుంచి విశాఖకు సముద్రమార్గం శ్రీలంకను చుట్టుకుని పోవాలి. ఉపరితలం మీద గంటకు 16 నాటికల్ మైళ్లకు మించి పోలేని నౌక ఒకే రోజున ఈ రెండు చోట్లా ఉండే అవకాశం లేదు. గాజీ ఒకటి రెండు రోజుల ముందే మునిగిందని వాదించే కథనాన్ని (దీని ప్రస్తావన కింద వస్తుంది) అంగీకరించినా ఫలితం మారదు. నవంబరు 30న కరంజ్‌ను కలిసిన స్థలం కూడా పశ్చిమ సముద్రంలోనిదే. కుర్సురా విషయంలో ఒక్క తేదీనైనా తప్పుపట్టే వ్యతిరేక సాక్ష్యం లభ్యమైన వాటిలో కనబడదు.

4. గాజీ గురించి నిలిచే వివరాలు

గాజీ తొలి పేరు యు.ఎస్.ఎస్. డయాబ్లో. 1944 డిసెంబరు 1న అమెరికాలో జలప్రవేశం చేసి, 1945లో సేవలో చేరింది. 1964లో పాకిస్తాన్‌కు లీజు మీద వచ్చింది. 1971 నవంబరు 14న కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్ నాయకత్వంలో కరాచీ విడిచింది. బంగాళాఖాతం చేరి విక్రాంత్‌ను వెతికి ముంచడం దాని మొదటి పని, విశాఖ తీరంలో మందుపాతరలు అమర్చడం రెండవ పని అని ఇరు దేశాల కథనాలూ ఇంచుమించు ఒప్పుకుంటాయి.

మృతుల సంఖ్య ఇక్కడా ఏకరీతిగా లేదు. ఎక్కువ కథనాల్లో 93 మంది, కొన్నింట 92 మంది. నావికులు 82 మంది అన్నదానిలో పేచీ లేదు. తేడా అధికారుల సంఖ్యలో ఉంది. వేలూరు సిపాయిల లెక్కలోని తేడాతో పోలిస్తే ఇది స్వల్పం. ఎవరూ బతికి బయటపడలేదన్నది మాత్రం అందరూ అంగీకరించే విషయం. శత్రువు అయినా సరే, ఆ బోటులో ఉన్నవారూ కుర్సురాలో మనం చూసే ఇరుకు పడకల వంటివాటి మీదనే పడుకున్నారని గుర్తుంచుకోవడం న్యాయం.

5. ఎలా మునిగింది: నాలుగు కథనాలు

(1) రాజ్‌పుత్ కథనం. తూర్పు నౌకాదళ అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ కృష్ణన్ 1980లో ప్రచురించిన తన పుస్తకంలో ఇది వివరంగా ఉంది. బాయిలరులో లోపం ఉన్న విక్రాంత్‌ను అండమాన్ దీవుల వైపు దాచి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు శత్రువును నమ్మించారు. పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌ను విక్రాంత్ వేషం వేయించి వైర్‌లెస్ సందేశాలు పంపించారు. విశాఖ బజారులో పెద్ద నౌకకు సరిపడా సరుకులకు ఆర్డర్లు పెట్టారు. డిసెంబరు 3 అర్ధరాత్రికి కాస్త ముందు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ రేవు విడిచింది. ముందు నీళ్లు అసాధారణంగా కలత చెందడం గమనించి, 12 గంటల 15 నిమిషాల ప్రాంతంలో నీటి లోతులో పేలే డెప్త్ చార్జీలు రెండు వదిలింది. కొద్ది నిమిషాలకు పెద్ద పేలుడు వినబడింది. నగరంలో కిటికీలు అదిరాయని చెబుతారు. మర్నాడు జాలర్లకు చమురు తెట్టు, తేలియాడే వస్తువులు కనబడ్డాయి. వాటిలో డయాబ్లో పేరున్నవి కూడా ఉన్నట్టు రాశారు. తర్వాత డైవర్లు దిగి శిథిలాన్ని గుర్తించారు. అధికార ప్రకటన డిసెంబరు 9న వెలువడింది.

ఈ కథనానికి అనుకూలంగా తరచు చూపేది శిథిలంలో దొరికిన గడియారం. పేలుడు సమయానికే అది ఆగిపోయి ఉందని కృష్ణన్ కథనం. ఈ సాక్ష్యం ఆకట్టుకునేదే కానీ దాని బరువు ఎంతో ఆలోచించాలి. గడియారం గంటను చూపుతుంది, తేదీని చూపదు. పైగా కరాచీ సమయం మన సమయానికి అరగంట వెనక, ఢాకా సమయం అరగంట ముందు. గాజీలో ఏ సమయం పాటించారో నిర్ధారించుకోనిదే '12.15' అనే ఏకీభావాన్ని సాక్ష్యంగా వాడడం కష్టం. భారత సమయం పాటించినట్టయితే అది బలమైన ఏకీభావమే. లేకపోతే ఆ గడియారం పేలుడు క్షణాన్ని అరగంట అటో ఇటో చూపుతోందనే చెప్పాలి.

(2) సొంత మందుపాతర కథనం. పాకిస్తాన్ వర్గాలు మొదటినుంచీ చెప్పేది ఇదే. విశాఖ ముంగిట తాను అమర్చిన మందుపాతర మీదికే గాజీ తిరిగి వచ్చి ఉంటుందని. బోటు ముందుభాగంలో దెబ్బ తీవ్రంగా ఉండడం, లోహం బయటివైపు విచ్చుకుని ఉండడం గురించిన వర్ణనలు ఈ వాదాన్ని కొంతవరకు బలపరుస్తాయి. కానీ బయటి మందుపాతర తగిలితే లోహం సాధారణంగా లోపలికి వంగాలి. కనుక బయటివైపు విచ్చుకోవడం లోపలి పేలుడునే ఎక్కువగా సూచిస్తుంది. బయటి తాకిడికి లోపలి టార్పెడోలో, ఇంకా వదలని మందుపాతరలో పేలి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. అప్పుడు మొదటి కారణం ఏదన్న ప్రశ్న మళ్లీ మొదటికే వస్తుంది.

(3) బ్యాటరీ వాయువు కథనం. 1995లో వచ్చిన తన పుస్తకంలో వైస్ అడ్మిరల్ మిహిర్ రాయ్ దీన్ని ముందుకు తెచ్చారు. డీజిల్-విద్యుత్ జలాంతర్గామి తన బ్యాటరీలను చార్జి చేసుకునేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపాలి. పంపలేకపోతే నిప్పురవ్వ చాలు. రెండున్నర దశాబ్దాల పాత బోటు, శత్రుతీరంలో ఎక్కువసేపు నీట మునిగి ఉండవలసిన పరిస్థితి, ఇవి ఈ ప్రమాదానికి తావిచ్చేవే. కానీ ఇది పరిస్థితులనుబట్టి చేసిన అనుమానం. ప్రత్యక్ష సాక్ష్యంగా చూపగలిగినది బయటివైపు విచ్చిన లోహమే, అది పై కథనానికీ సరిపోతుంది.

(4) ముందుగానే మునిగిందనే కథనం. తూర్పు సైనిక కమాండ్‌లో ముఖ్య అధికారి అయిన లెఫ్టినెంట్ జనరల్ జాకబ్ రాసినదాని ప్రకారం, డిసెంబరు 3 ఉదయమే కృష్ణన్ ఆయనకు ఫోను చేశారు. గాజీ శిథిలం జాలర్లకు దొరికిందని, 1వ లేదా 2వ తేదీన మందుపాతరలు అమర్చుతూ పేలిపోయి ఉంటుందని చెప్పారు. ఆ సంభాషణ మరిచిపొమ్మని మర్నాడు కోరారు. ఇది నిజమైతే రాజ్‌పుత్ కథనం నిలబడదు. ఎందుకంటే పాకిస్తాన్ విమానదాడులతో యుద్ధం బహిరంగంగా మొదలైనదే 3వ తేదీ సాయంత్రం. అయితే జాకబ్ కథనం జరిగిన పాతికేళ్లకు, 1997లో పుస్తకంగా వచ్చినది. ఫోను సంభాషణకు ఆయన మాటే ఆధారం. 3వ తేదీ రాత్రి తీరమంతా విన్నదని చెప్పే పేలుడు ఏమిటో ఈ కథనం వివరించదు. మరోవైపు, దాన్ని తోసిపుచ్చగల పత్రాలూ సులువుగా దొరికే స్థితి లేదు. గాజీ ముంపునకు సంబంధించిన నౌకాదళ రికార్డులు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఆ వార్త పూర్తిగా సరైనదైతే అది చరిత్రకు తీరని నష్టం.

పై నాలుగింటిని బేరీజు వేస్తే స్థూలంగా ఇంతవరకు చెప్పవచ్చుననిపిస్తుంది. గాజీ విశాఖ రేవు దగ్గరే పేలుడుతో మునిగింది. పేలుడులో బోటు లోపలి పదార్థం పాత్ర ఉందని శిథిల వర్ణనలు సూచిస్తున్నాయి. రాజ్‌పుత్ వదిలిన రెండు డెప్త్ చార్జీలు దానికి కారణమయ్యాయా, తొందరపెట్టాయా, కేవలం ముందూవెనకగా జరిగాయా అన్నది తేల్చగల సాక్ష్యం బహిరంగంగా లేదు. డిసెంబరు 3-4 రాత్రి అన్న తేదీ జాకబ్ చెప్పిన తేదీకంటే ఎక్కువ సాక్షులను కలిగి ఉంది కాబట్టి అదే మొగ్గు పొందుతుంది. 2024 ఫిబ్రవరిలో నౌకాదళపు లోతు-సముద్ర రక్షణ వాహనం ఈ శిథిలాన్ని గుర్తించినట్టు వార్తలు వచ్చినప్పుడు కొందరు దాన్ని కొత్త ఆవిష్కరణగా భావించారు. శిథిలం ఉనికి 1971 నుంచే తెలుసు. దాని స్థితిని ఆధునిక పరికరాలతో చూడగలగడమే కొత్త. ముందుభాగపు చిత్రాలు ఎప్పటికైనా విడుదలైతే రెండవ, మూడవ కథనాల మధ్య తూకం మారవచ్చు.

ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. విక్రాంత్‌ను దాచి శత్రువును విశాఖ ముంగిటకే రప్పించిన పన్నాగం ఈ నాలుగు కథనాల్లో ఏది నిజమైనా తన విలువ కోల్పోదు. గాజీ వెతికిన నౌక అక్కడ లేదు. ఆ విజయం కృష్ణన్, ఆయన సిబ్బంది ఆలోచనది.

6. రెండు బోట్లు ఎలా కలిసిపోయాయి

కుర్సురాకు గాజీ కథ ఎప్పుడు అంటుకుందో తేదీతో చెప్పడం సాధ్యం కాదు. రెండు దోహదాలను ఊహించవచ్చు. ఒకటి స్థలం. గాజీ మునిగిన సముద్రం ఎదురుగానే కుర్సురా నిలబడి ఉంది. 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం కూడా ఆ బీచి రోడ్డు మీదే ఉంది. రెండవది, 2017 ఫిబ్రవరిలో విడుదలైన సంకల్ప్ రెడ్డి చిత్రం 'ఘాజీ'. అందులో ఎస్21 అనే భారత జలాంతర్గామి గాజీని ఎదుర్కొంటుంది. కథ కల్పితమని చిత్రబృందమే ప్రకటించింది. నిజజీవితంలో ఎస్21 సంఖ్య కరంజ్‌ది. నవంబరు 30న అరేబియా సముద్రంలో కుర్సురాను కలిసిన బోటు అదే. సినిమా చూసి బీచికి వచ్చినవారికి కళ్లెదుట కనబడే జలాంతర్గామి ఒక్కటే కాబట్టి ఆ పాత్ర దీని మీద పడి ఉండవచ్చు. ఇది అనుమానమే. సినిమాకు ముందే ఈ మాట చలామణిలో ఉండి ఉంటే దోహదాల క్రమం మారుతుంది.

లభ్యమైన ఆధారాల మేరకు మొదటి ప్రశ్నకు జవాబు స్పష్టం. గాజీని కుర్సురా ముంచలేదు. ఆ రోజుల్లో అది పడమటి సముద్రంలో ఉంది. దీనివల్ల కుర్సురా గౌరవం తగ్గదు. దాడి చేయవద్దన్న కట్టుబాటుతో శత్రుతీరం దాపులో రోజుల తరబడి గస్తీ కాయడం తక్కువ సాహసం కాదు, ఆ పని ఆ బోటులోనివారు నిజంగా చేశారు. చేయని పనికి పొగిడితే చేసిన పని కనుమరుగవుతుంది. ప్రదర్శనశాల ప్రవేశంలోనే, 1971 నవంబరు, డిసెంబరులలో కుర్సురా ఎక్కడ ఉందో తేదీలతో చూపే పటం ఒకటి తెలుగులో, తమిళంలో పెద్దగా పెట్టాలని నిర్వాహకులకు మనవి. పిల్లలను తీసుకుని అక్కడికి వెళ్లే వేలూరు, గుడియాత్తం పెద్దలకు ఒక మాట: లోపల వివరాలు చెప్పే విశ్రాంత నావికుణ్ణి గాజీ గురించి కాకుండా, ఈ బోటు ఆ నెలలో ఎక్కడ తిరిగిందో అడగండి.